అంచు దాకా కరగనివ్వు

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నా గిన్నెలూ, కింద వాటాలో టైలరమ్మా, ఆమె కుట్టుమిషనూ అందరం కులాసా. మిషను మాత్రం ఈ మధ్య కాస్త గురక పెడుతోంది. అక్కడ నువ్వూ, మా కోడలు పిల్లా ఆరోగ్యంగా ఉన్నారనీ, నీ లిఫ్టులన్నీ బుద్ధిగా పైకీ కిందకీ తిరుగుతున్నాయనీ అనుకుంటున్నాను.

ముందు ఒక పని చెయ్యి. ఉత్తరం ఇక్కడే ఆపి పార్సిల్ విప్పు. పాత తువ్వాలులో చుట్టి ఒక వెడల్పాటి గాజు గ్లాసు పెట్టాను, దాన్నిండా కొవ్వొత్తి. దాన్ని పింగాణీ పళ్ళెంలో పెట్టి, కర్టెన్లకి దూరంగా, ఫ్యాను గాలి తగలని చోట బల్ల మీద పెట్టు. వత్తి నేనే కత్తిరించి పంపాను, నువ్వు చెయ్యి పెట్టకు. వెలిగించి, కుర్చీ లాక్కుని కూర్చుని, అప్పుడు చదువు.

"చదవడానికి లైటు ఉంది కదమ్మా" అంటావు. లైటు వేసుకో, ఎవరొద్దన్నారు? ఇది వెలుతురు కోసం కాదు. మొదటిసారి వెలిగించిన కొవ్వొత్తిని పైన మైనమంతా అంచు నుంచి అంచు దాకా కరిగేవరకు ఆర్పకూడదు. ఈ గ్లాసుకి మూడు గంటలు పడుతుంది. నువ్వు అంతసేపు ఒకచోట కూర్చునే రకం కాదు, అందుకే ఉత్తరం పొడుగ్గా రాస్తున్నాను.

వెలిగించావా? మంచిది. ఇప్పుడు నీ ఉత్తరానికి వస్తాను.

అసలు అది ఉత్తరమా? లిఫ్టు ఆగిపోతే జనం నీకు ఫోన్ చేసి అరుస్తారే, అచ్చం అలా ఉంది. "నీ కొవ్వొత్తి మధ్యలో బావి తవ్వుకుంటూ దిగిపోతోంది, చుట్టూ మైనం గోడ కట్టినట్టు మిగిలిపోతోంది, వత్తి ఆ గోతిలో మునిగి ఆరిపోతోంది, ఇది తయారీ లోపమేనా?" అని అడిగావు. కాదు నాయనా, వాడకం లోపం. నువ్వు రాయని సంగతి నీ ఉత్తరం అడుగున కోడలు రెండు లైన్లలో రాసింది. పొద్దున్నే గడ్డం గీసుకునేటప్పుడు వెలిగిస్తావట, గీసుకోవడం అవ్వగానే ఉఫ్‌మని ఊదేసి డ్యూటీకి పరిగెడతావట. ఆ కాసేపట్లో మైనం ఎంత కరుగుతుంది? వత్తి చుట్టూ చొక్కా బొత్తాం అంత. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మైనానికి జ్ఞాపకం ఎక్కువ. మొదటిసారి ఎంతవరకు కరగనిస్తే అదే తన హద్దు అనుకుంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెలిగించినా ఆ హద్దు దాటనని మొండికేస్తుంది. అందుకే మొదటి వెలుగు దగ్గర నేనంత చాదస్తంగా ఉంటాను.

పాతదాన్ని మాత్రం పారెయ్యకు. వంటింట్లో అల్యూమినియం రేకు ఉంటుంది కదా, దాన్ని గ్లాసు మూతికి టోపీలా చుట్టు. మధ్యలో మంటకి గాలి ఆడేలా కంత వదిలి వెలిగించు. వేడి లోపలే తిరిగి, గోడలా నిలబడ్డ మైనం నెమ్మదిగా దిగి వస్తుంది. రేకు కాలుతుంది, గుడ్డతో పట్టుకుని తియ్యి. ఇంకెప్పుడూ ఉఫ్ అనకు. ఊదితే పొగ, మసి, గదంతా కమురు కంపు. ఒక ఇనుప పుల్లతో వత్తిని కరిగిన మైనంలోకి ముంచి, వెంటనే పైకి లేపి నిలబెట్టు. నిప్పు చప్పుడు లేకుండా పోతుంది, వత్తి మళ్ళీ వెలగడానికి తయారుగా ఉంటుంది.

కొవ్వొత్తి మీద తెల్లగా బూడిద పట్టినట్టు వచ్చింది, బూజేమో అని రాశావు. బూజు కాదురా. అసలైన తేనెమైనం కొన్నాళ్ళు కదలకుండా ఉంటే లోపలి నుంచి అలాంటి పొర పైకి తేలుతుంది. మెత్తటి పాత గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడవకపోయినా కొంప మునిగేదేమీ లేదు, వెలిగించగానే కరిగిపోతుంది. కానీ నువ్వేం చేశావు? సబ్బు నీళ్ళలో రుద్ది కడిగావట! ఇన్నేళ్ళలో నా దగ్గర కొవ్వొత్తులు కొన్నవాళ్ళు ఎన్నో రకాలుగా పాడుచేశారు గానీ, దానికి స్నానం చేయించిన మహానుభావుడివి నువ్వొక్కడివే. టైలరమ్మకి చదివి వినిపిస్తే నవ్వలేక సూది కింద పెట్టేసింది.

ఇక ఆ సింకు సంగతి. ఖాళీ అయిన గ్లాసులో వేడినీళ్ళు పోసి, కరిగిన మైనాన్ని సింకులో ఒంపితే అది పైపులోకి వెళ్ళి అక్కడ గడ్డకట్టక ఏం చేస్తుంది? నీకు తెలియదా? మీ ఇంటి ప్లంబరు నన్ను తిట్టుకున్నాడని రాశావు, నిన్నే తిట్టుకుని ఉంటాడు. అసలు అడుగంటా కాల్చకూడదు. వేలు మందం మైనం ఉండగానే ఆపెయ్యాలి, లేకపోతే గాజు వేడెక్కి చిట్లుతుంది. ఆ మిగిలింది గ్లాసుతో సహా ఒక పూట ఫ్రిజ్‌లో మంచుగడ్డలు కట్టే అరలో పెట్టు. మైనం ముడుచుకుని దానంతటదే ఊడి వస్తుంది. ఆ ముక్కలు దాచి నాకు పంపు. మైనం ఎన్నిసార్లు కరిగించినా మైనమే, ఒక్క ముక్క కూడా పారేసే వస్తువు కాదు.

గ్లాసు నల్లబడటానికి కారణం వత్తి పొడుగు. వెలిగించే ప్రతిసారీ దాన్ని సగం గోరంత ఉంచి కత్తిరించాలి. వత్తి కొసన నల్లగా పుట్టగొడుగులా మసి ముద్ద కడుతుంది చూడు, అది ఊడి మైనంలో పడకముందే తీసెయ్యాలి. దానికోసమే పార్సిల్ అడుగున గుడ్డ సంచిలో నాన్న కటింగ్ ప్లేయర్ పెట్టాను. చూసి కంగారు పడకు. దాని గురించి చెప్పాల్సింది ఇంకా ఉంది, చివర్లో చెబుతాను.

నా మోకాళ్ళ గురించి అడిగావు. ఎక్కేటప్పుడు కిర్రుమంటాయి, దిగేటప్పుడు నోరు మూసుకుంటాయి. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. ఎత్తడం లేదు. మైనం దిమ్మలు పైకి ఎవరు మోస్తున్నారని అడుగుతావేమో, అక్కడికే వస్తున్నాను, తొందరపడకు.

టైలరమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు కదా. అలాంటి మనిషి నెల రోజులుగా ఒక సంగతి గుట్టుగా దాచిపెట్టింది. నేనే దాచమన్నాను. దాచలేక కడుపు ఉబ్బిపోతోందనీ, త్వరగా ఈ ఉత్తరం రాసి పోస్టు చెయ్యమనీ రోజూ నా ప్రాణం తీస్తోంది.

ఇప్పుడు ఒకసారి గ్లాసు వైపు చూడు. మైనం సగం దాకా కరిగి ఉండదు, ఇంకా వత్తి చుట్టూనే ఉంటుంది. మంట నిలకడగా ఉందా? అటూ ఇటూ ఊగుతుంటే ఎక్కడో గాలి వస్తోందన్నమాట, కిటికీ వెయ్యి.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలకి నేనింకా జవాబు చెప్పలేదు. నువ్వు గమనించే ఉంటావు, నీళ్ళు నమలడం నాకు చేతకాదు. "పోయినసారి పంపినవాటికి ఎప్పుడూ వచ్చే లవంగం, నారింజ వాసన రాలేదు. వెచ్చటి తేనె వాసన వచ్చింది. ఎప్పుడూ తలనొప్పి అనే నీ కోడలు ఈసారి రెండోది కూడా వెలిగించమంది. నువ్వు చేసినవాటిలో ఇవే బెస్టు. ఏం కలిపావమ్మా?" అని ఒకటి. "డబ్బాల మీద చీటీల్లో అక్షరాలు నీవి కావు, ఎవరు రాశారు?" అని ఇంకొకటి.

మొదటిదానికి జవాబు: ఏమీ కలపలేదు. కలపడం మర్చిపోయాను.

నవ్వకు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ జరగని పని అది. నా పద్ధతి నీకు తెలుసు. పెద్ద గిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళలో చిన్న గిన్నె, దాంట్లో మైనం. కరిగాక పలచటి గుడ్డలో వడకట్టి, పక్కన పెట్టి వేడి తగ్గేదాకా ఆగాలి. మరీ వేడిగా ఉన్నప్పుడు నూనె పోస్తే వాసనంతా ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. మరీ చల్లారాక పోస్తే కలవదు. ఆ రెంటికీ మధ్య కాసేపే ఉంటుంది అదను. అందుకని లవంగ నూనె, నారింజ తొక్క నూనె ముందే కొలిచి సీసాలో పోసి, చేతికి అందే చోట అరలో పెట్టుకుంటాను. ఆ రోజూ అలాగే పెట్టుకున్నాను. వేడి తగ్గుతోంది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు తేనెపెట్టెలాయన మైనం దిమ్మలు తీసుకుని వచ్చాడు.

ఆయన ఎవరో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నువ్వు చిన్నప్పుడు నాన్న తేనెటీగల పెట్టెలున్న ఒక షెడ్డుకి వైరింగు చెయ్యడానికి వెళ్తూ నిన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. నువ్వు ఊరుకోకుండా పెట్టె మూత ఎత్తితే చెవి మీద తేనెటీగ కుట్టింది. నువ్వు షెడ్డెగిరిపోయేలా ఏడుస్తుంటే గోటితో ముల్లు గీకి తీసి, తడిగుడ్డ పెట్టి, "ఏడిస్తే ఇంకోటి వస్తుంది" అని భయపెట్టి ఊరుకోబెట్టిన మనిషి. ఆ రోజు నాన్నకి ఒక మైనం ముద్ద ఇచ్చి పంపాడు. నా కొవ్వొత్తులు మొదలైంది ఆ ముద్దతోనే. "ఊరందరి ఇళ్ళకీ నేను కరెంటు పెడుతుంటే, మా ఆవిడ ఇంట్లో కొవ్వొత్తులు చేసి నా పరువు తీస్తోంది" అని నాన్న వచ్చినవాళ్ళందరితో అనేవాడు. అంటూనే నా వత్తులు ఆయనే కత్తిరించిపెట్టేవాడు.

అప్పటి నుంచీ, నాన్న పోయాక కూడా, మైనం ఇచ్చేది ఈయనే. ఆయనకీ నాకూ ఒకటే తగువు. "తేనెటీగలు అంత కష్టపడి వాసన పెట్టి ఇస్తే, దాని మీద మీరు సీసాలోది పోస్తారేంటండీ?" అంటాడు. "మీ ఈగల పని అయ్యాక నా పని మొదలవుతుందండీ" అంటాను. ఎన్నేళ్ళుగానో అరిగిపోయిన రికార్డులా ఇదే మాట. దిమ్మలు దించి, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని టీ తాగి, ఈ ఒక్క తగువూ ఆడి వెళ్ళిపోయేవాడు.

ఆ రోజు కూర్చోలేదు. టీ ఇచ్చినా గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఒక మాట అడగాలండీ. మీరు వద్దన్నా మైనం తేవడం మానను. అది వేరు, ఇది వేరు."

"అడగండి."

"మనిద్దరం ఒకే ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందంటారు?"

చేతిలో గిన్నె, గిన్నెలో వేడి మైనం. "ఎవరింట్లో?" అన్నాను. చూశావా, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది!

"మీ ఇంట్లోనేనండీ. మా ఇంట్లో ఈగలెక్కువ, కుర్చీలు తక్కువ" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవడానికి గబగబా గ్లాసుల్లో మైనం పొయ్యడం మొదలుపెట్టాను. ఒక్క చుక్క ఒలకకుండా అన్నీ నింపాను. "టీ చల్లారిపోతోంది, తాగండి" అన్నాను. ఆయన తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అరలోకి చూస్తే నూనె సీసా నిండుగా, మూత కూడా తియ్యకుండా, నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు అక్కడే ఉంది.

మళ్ళీ కరిగించి పోద్దామనుకున్నాను. చెయ్యాడలేదు. ఎవరికి అమ్మను వాసన లేని కొవ్వొత్తులు? కొడుకైతే అడగడు కదా అని నీకు పంపాను. నువ్వేమో ఇవే బెస్టు అని రాశావు! నా ఇన్నేళ్ళ పనితనంలో నీకు నచ్చినవి నేను మర్చిపోయిన రోజు చేసినవే. ఆ లైను ఆయనకి చదివి వినిపించాను. నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు దగ్గాడు.

రెండో ప్రశ్నకి జవాబు కూడా నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ అక్షరాలు ఆయనవే, తర్వాతిసారి వచ్చినప్పుడు రాసిపెట్టాడు. తేనెపెట్టెల మీద రాసి రాసి ఆ నిలువు అక్షరాలు వచ్చాయట. నా కోడిగీతల కన్నా నయం కదా.

ఇప్పుడు అసలు మాట చెప్తున్నాను. నేను ఆయనకి సరే అన్నాను. వెంటనే అనలేదు. ఆయన తర్వాతిసారి వచ్చినప్పుడూ అనలేదు, ఆ తర్వాతిసారి అన్నాను. ఒంటరిగా ఉండలేక కాదు. నాకు పనుంది, టైలరమ్మ ఉంది, నీ ఉత్తరాలున్నాయి. పిల్లలకి భారం కాకూడదనీ కాదు, నేనెవరికీ భారం కాను, నా దిమ్మలు తప్ప. సాయంత్రం పూట కొత్తగా పోసిన కొవ్వొత్తి ఒకటి పరీక్షకి వెలిగించి కూర్చుంటాను కదా, ఆయన కూడా ఎదురుగా కూర్చుంటే ఆ గది నాకు బాగుంటుంది. వత్తి సన్నమైందంటాడు, కాదంటాను. మాట్లాడకపోయినా బాగుంటుంది. ఆయనంటే నాకు ఇష్టం. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్ని పేజీలు, ఒక సింకు, ఒక ప్లంబరు కావాల్సి వచ్చాయి.

ఇక్కడ నీ మొహం ఎలా ఉంటుందో నాకు కనిపిస్తోంది. నీ పెళ్ళయిన కొత్తలో పెద్దమ్మ భోజనాల దగ్గర, "దీనికీ ఒక తోడు ఉంటే బాగుండు" అని ఏదో అంటే నువ్వు చెయ్యి కడుక్కుని లేచిపోయావు. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేనేం అన్నానని? అన్నది పెద్దమ్మ. అయినా ఆ రోజే నాకు అర్థమైంది, ఇలాంటి మాట ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే నీకు ముక్కలు ముక్కలుగా చెప్పకూడదని. కొంచెం ఫోన్లో, కొంచెం కోడలి చేత, కొంచెం పెద్దమ్మ చేత చెప్పిస్తే నువ్వు ఆ కొంచెం దగ్గరే ఆగిపోతావు. అందుకే అంతా ఒక్కసారే, అంచు దాకా రాస్తున్నాను.

నాన్నని మర్చిపోయావా అని అడుగుతావు. నువ్వు అడగకపోయినా నీ కళ్ళు అడుగుతాయి. చిన్నా, ఈ ఇంట్లో వైర్లన్నీ ఆయన లాగినవే. ఏ గదిలో స్విచ్చి వేసినా వెలిగేది ఆయన చేతిపనే. మర్చిపోవాలంటే నేను చీకట్లో కూర్చోవాలి. ఆయన పనిలోంచి వస్తే చొక్కాకి కాలిన వైరు వాసన వచ్చేది, అది పోవాలనే లవంగం, నారింజ కలపడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే కలుపుతున్నాను. ఆయన పోయినప్పుడు నేను ఎంత ఏడ్చానో నువ్వు చూశావు. ఎవరూ లేనప్పుడు ఇప్పటికీ ఏడుస్తాను. అదీ నిజమే, ఇదీ నిజమే. రెండూ ఒక మనిషిలో పట్టవని ఎవరైనా అంటే వాళ్ళు నన్ను సరిగా చూడలేదన్నమాట.

కటింగ్ ప్లేయర్ సంగతి చెబుతానన్నాను. నాన్న సామాన్లు వదిలించుకుంటున్నానని అనుకోకు. ఆయన పోయాక నా వత్తులన్నీ దాంతోనే కత్తిరించాను. తేనెపెట్టెలాయన ఒకసారి సాయం చేద్దామని బల్ల మీద నుంచి దాన్ని తీశాడు. పిడికి చుట్టిన నల్ల టేపు చూసి, "ఇది వారిదా అండీ?" అన్నాడు. అవునన్నాను. ఎక్కడ తీశాడో అక్కడే పెట్టేశాడు. ఆ తర్వాతిసారి వచ్చినప్పుడు జేబులో తన కత్తెర తెచ్చుకున్నాడు. ఇప్పటిదాకా దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. నేను ముట్టుకోవద్దనలేదు, ఆయనా ఎందుకో చెప్పలేదు. నేను సరే అనడానికి ఆ కత్తెర కూడా ఒక కారణం. ప్లేయర్ నీకు పంపడం నా ఆలోచనే. అది నాన్న కొడుకు చేతిలో ఉండాలి, నీ వత్తులు చూస్తే నీకు దాని అవసరం కూడా ఉంది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేద్దామనుకుంటున్నాం. విందులూ, మేళాలూ ఏమీ లేవు. ముగ్గురు సాక్షులు కావాలట. ఒకరు టైలరమ్మ, ఆమె అప్పుడే తన కోసం కొత్త జాకెట్టు కుట్టేసుకుంది. ఇంకొకరిని ఆయన తీసుకొస్తాడు. మూడో సంతకం నీది. నీ జవాబు వచ్చేదాకా తేదీ పెట్టొద్దని ఆయనకి చెప్పాను. ఆయన, "పెద్దవాడు కదండీ, తొందరపెట్టకండి" అన్నాడు.

అలాగని నేను నీ అనుమతి అడుగుతున్నాననుకోకు. నువ్వు కోడలిని తీసుకొచ్చి చూపించినప్పుడు నువ్వూ నా అనుమతి అడగలేదు, "అమ్మా, ఈమే" అన్నావు, అంతే. నేనూ అంతే అంటున్నాను. నువ్వు రానంటే నా నిర్ణయం మారదు. టైలరమ్మ వాళ్ళాయన వచ్చి ఆ సంతకం పెడతాడు. కానీ ఆ రోజంతా నేను తలుపు వైపే చూస్తూ ఉంటాను, ఇంటికొచ్చి ఏడుస్తాను. ఇది బెదిరింపు కాదు, జరిగేది చెబుతున్నాను. నువ్వు లేకుండా నాకు ఏ సంతోషమూ పూర్తిగా రాదు. ఆ ఖర్మ నీ వల్లే వచ్చింది, పుట్టినప్పటి నుంచీ అంతే.

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో నువ్వెలా మాట్లాడతావో కోడలు ఒకసారి చేసి చూపించింది. "భయపడకండి, నేనిక్కడే ఉన్నాను, తలుపు తీస్తున్నాను" అని ఎంతో మెల్లగా అంటావట. ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఆ గొంతుతో మాట్లాడతావు కదా, ఒకసారి నాతోనూ ఆ గొంతుతో మాట్లాడు. అంతకన్నా ఏమీ అడగను.

నీ ముందు వెలుగుతున్నది ఏం వాసన వస్తోంది? మొదట తేనె, ఆ వెనకాల లవంగం, నారింజ వస్తూ ఉండాలి. కోడలికి తలనొప్పి కదా అని నూనె ఎప్పుడూ పోసేదాంట్లో సగమే పోశాను. ఈసారి మర్చిపోలేదు. ఆయన పక్కన నిలబడి థర్మామీటరు చూస్తూ, "ఇప్పుడు పొయ్యండి, చల్లారితే కలవదు" అని తొందరపెట్టాడు. సీసాలోది పొయ్యడమే పాపం అనే మనిషి! "ఇన్నేళ్ళ తగువు ఏమైందండీ?" అంటే, "మీ అబ్బాయికి చిన్నప్పటి నుంచీ అలవాటైన వాసన కదండీ, పోనివ్వకూడదు" అన్నాడు.

ఉత్తరం అయిపోయింది, కొవ్వొత్తి ఇంకా అవ్వలేదు. మైనం అంచుకి చేరేదాకా అక్కడే కూర్చో. పెన్ను ముట్టుకోకు, ఫోనూ ముట్టుకోకు. నీ కోపం నాకు తెలుసు, మొదటి గంట అది మాట్లాడుతుంది, ఆ తర్వాతే నువ్వు మాట్లాడతావు. నాకు నీతో పని, దాంతో కాదు. మధ్యలో లేచి వెళ్ళాల్సి వస్తే కోడలిని కూర్చోబెట్టి వెళ్ళు, వెలిగే కొవ్వొత్తిని గదిలో ఒంటరిగా వదలకూడదు.

ఒకవేళ, ఆయనంటే ఇష్టమని రాసిన చోట నువ్వు లేచి ఉఫ్‌మని ఊదేసి, ఈ కాగితాలు బల్ల మీద పడేసి వెళ్ళిపోయావనుకో. నా కొడుకువి, చేసినా చేస్తావు. అలాగైతే ఈ మాటలు ఎప్పుడు చదువుతున్నావో నాకు తెలియదు. రేపో, వచ్చే నెలో. ఎప్పుడైనా సరే, ఆ గ్లాసు పారెయ్యకు. మొదటిసారి ఆరిపోతే ఇక అంతే అన్నట్టు పైన రాసింది నిన్ను కూర్చోబెట్టడానికి. నాన్న ప్లేయర్‌తో వత్తి కత్తిరించి, రేకు చుట్టి, మళ్ళీ వెలిగించు. కాస్త ఆలస్యమవుతుంది గానీ అంచు దాకా కరుగుతుంది. ఒక్క ఊదుకి పాడైపోయేలా నేను ఏ కొవ్వొత్తినీ చెయ్యలేదు, ఏ కొడుకునీ పెంచలేదు.

కోడలికి నా ముద్దులు.

ఇట్లు,
నీకు ఆ మొండితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో
ఆ మీ అమ్మ